ప్రజారోగ్య పరిశోధన వృత్తిగా: ప్రజలతో గడిపే సమయం పరిశోధనలో భాగమేనా?

శోధనపథం:
అందరికీ నమస్కారం. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చివరి దశలో ఉన్నాను. పీహెచ్‌డీకి రెండు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, వేలాది మందిని ఏళ్ల తరబడి అనుసరిస్తూ సేకరించిన డేటాను విశ్లేషించే పెద్ద బృందం. అక్కడ డేటా సిద్ధంగా ఉంది, గణాంక పద్ధతులు నేర్పేవారున్నారు, పత్రాల ప్రచురణ కూడా సకాలంలో సాగుతుంది. రెండోది, ఒక సముదాయంతో కలిసి పరిశోధన ప్రశ్నను రూపొందించి, అక్కడివారినే భాగస్వాములుగా చేసుకుని పనిచేసే చిన్న బృందం. అక్కడ మొదటి ఏడాది పరిచయాలకూ సమావేశాలకే సరిపోతుందని ముందే చెప్పారు.

నా మనసు రెండోదానివైపే ఉంది. అయితే మా అధ్యాపకులొకరు "సేవ వేరు, పరిశోధన వేరు. ముందు ఉద్యోగంలో స్థిరపడు, ఆ తర్వాత ప్రజల మధ్యకు వెళ్లవచ్చు" అన్నారు. ఈ మాటను ఒప్పుకోలేకపోతున్నాను, కాదనడానికి తగినంత అనుభవమూ నాకు లేదు. విశ్వవిద్యాలయాల్లో ఈ రంగంలో పనిచేస్తున్నవారు తమ అభిప్రాయం చెప్పగలరా?

క్షేత్రవాణి:
మీ అధ్యాపకులు గీసిన ఆ గీత దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ప్రజలతో గడిపే సమయాన్ని పరిశోధనకు ముందు చేసే మర్యాదగానో, పరిశోధన ముగిశాక చేసే సేవగానో చూడడం వల్ల మన రంగం చాలా నష్టపోయింది. నా దృష్టిలో అది పరిశోధన పద్ధతిలో భాగం, నమూనా పరిమాణం లెక్కించడం ఎంత భాగమో అదీ అంతే.

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ కలరా కథ మన పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉంది. వైద్యుడు జాన్ స్నో మరణాలను పటంపై గుర్తించి, నీటి పంపును అనుమానించి, దాని పిడి తీయించిన సంగతి అందరమూ చదువుకున్నాం. హెన్రీ వైట్‌హెడ్ గురించి మాత్రం తరగతి గదిలో ఒక్క వాక్యంతో సరిపెడతాం. ఆయన ఆ పేటలోని చర్చిలో సహాయక మతాధికారి. స్నో సిద్ధాంతాన్ని మొదట నమ్మలేదు. అది తప్పని చూపించాలనే ఉద్దేశంతోనే ఇల్లిల్లూ తిరిగారు, కొన్ని ఇళ్లకు పదేపదే వెళ్లారు. ఆ కుటుంబాలు ఆయనకు ముందునుంచీ తెలుసు కాబట్టి ఎవరు ఏ నీళ్లు తాగారో, ఎవరు ఊరు విడిచి వెళ్లారో దాచకుండా చెప్పారు. చివరికి, మహమ్మారి విజృంభించడానికి ముందే 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాప విరేచనాలతో జబ్బుపడిందనీ, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు బావికి పక్కనే ఉన్న మురుగు గుంటలో పోశారనీ కనిపెట్టింది ఆయనే. ఆ గుంటను తవ్వి చూస్తే, అందులోని మురుగు బావిలోకి ఊరుతున్నట్టు తేలింది. స్నో దగ్గర పరికల్పన ఉంది, మరణాల జాబితా ఉంది. ఆ గొలుసులో తప్పిపోయిన తొలి లంకెను పట్టి ఇచ్చింది మాత్రం ఆ ఇళ్ల తలుపులు తట్టగల మనిషి.

మన కాలానికి దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలోని గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల బృందం గ్రామాల్లోని స్త్రీలకే శిక్షణనిచ్చి, నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందేలా చేసింది. 39 గ్రామాల్లో ఈ సేవలు అందించి, మరో 47 గ్రామాలతో పోల్చి చూశారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ పనిలో సేవ ఎక్కడ ముగిసి పరిశోధన ఎక్కడ మొదలైందో విడదీసి చూపించమంటే నావల్ల కాదు.

సంఖ్యాతత్వం:
నేను జీవగణాంక శాస్త్రం బోధిస్తాను. క్షేత్రవాణి గారి మాటల్లోని నిజాయితీని గౌరవిస్తూనే కొన్ని అభ్యంతరాలు చెప్పాలి.

గడ్చిరోలి అధ్యయనంలో ఏ గ్రామాలకు సేవలు అందాలో యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టు, కేటాయించలేదు. దానివల్ల ఆ పని విలువ తగ్గదు. అయితే, "ఆ బృందానికి ఉన్న అంకితభావం లేనిచోట కూడా ఇదే ఫలితం వస్తుందా?" అన్న ప్రశ్నకు అది ఒక్కటే జవాబు చెప్పలేకపోయింది. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో క్లస్టర్ యాదృచ్ఛిక పరీక్ష (వ్యక్తులను కాక, ఒకేచోట ఉండే జనసమూహాలను అలా కేటాయించే పరీక్ష) జరిగి, ఇంటివద్ద సేవలు అందిన విభాగంలో మరణాలు 34 శాతం తగ్గినట్టు 2008లో తేలాకే ఆ వాదనకు మరింత బలం చేకూరింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి నవజాత శిశువుల కోసం ఇంటి సందర్శనలను సిఫారసు చేశాయి. ఒక సముదాయంలో పుట్టిన ఆలోచన ప్రపంచానికి విధానంగా మారడానికి మధ్యలో ఈ మెట్లన్నీ ఉన్నాయి, ఆ మెట్లు కట్టేవారు కూడా ప్రజల కోసమే పనిచేస్తున్నారు.

మొదటి దారిని తక్కువ చేసి చూడవద్దని శోధనపథం గారికి నా మనవి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ గుండెజబ్బుల అధ్యయనం 1948లో 5,209 మందితో మొదలై వారి పిల్లలకూ మనవలకూ విస్తరించింది. రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీస్తాయని ఈరోజు ఎవరిని అడిగినా చెబుతున్నారంటే దాని వెనుక అటువంటి బృందాల ఓపిక ఉంది. రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటిష్ వైద్యులకు పొగతాగే అలవాటు గురించి ప్రశ్నలు పంపారు. అర్ధ శతాబ్దం పాటు అనుసరించాక వచ్చిన ఫలితాలు 2004లో ప్రచురితమయ్యాయి. ఆ డేటా కోసం ఎవరూ ఎవరి ముంగిట్లోనూ కూర్చోలేదు, అయినా దానివల్ల బతికి బట్టకట్టిన మనుషులు లెక్కకు మించి ఉన్నారు.

ఇంకొక సంగతి. సముదాయానికి దగ్గరైన పరిశోధకుడికి వారి మేలు కోరే మనసు ఉంటుంది. ఆ మనసే ఫలితాన్ని చదివేటప్పుడు అడ్డు రావచ్చు. మనం ఇష్టపడే కార్యక్రమం పనిచేయలేదని రాయడానికి చేయి వణుకుతుంది. విశ్లేషణ ప్రణాళికను ముందే నమోదు చేయడం, ఎవరు ఏ విభాగంలో ఉన్నారో తెలియనివారి చేత ఫలితాలు కొలిపించడం వంటి ఏర్పాట్లు అందుకే వచ్చాయి.

తొలిపొద్దు:
నేను నర్సుగా పనిచేసి, ఆ తర్వాత పరిశోధనలోకి వచ్చాను. సంఖ్యాతత్వం గారు చెప్పిన జాగ్రత్తలన్నీ అవసరమే. అయితే ఆ జాగ్రత్తలు మొదలయ్యేసరికే డేటా చెడిపోయి ఉండే సందర్భాలున్నాయి. వాటిని పట్టుకోగలిగేది క్షేత్రంలో ఉన్నవారే.

ఒక సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల తల్లులను "గడచిన రెండు వారాల్లో బిడ్డకు విరేచనాలు అయ్యాయా?" అని అడుగుతున్నాం. ప్రశ్న ప్రామాణికమైనదే. ఒక తల్లి "లేదండీ" అంది. ప్రశ్నలు అడుగుతున్న అమ్మాయి టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్లబోతుండగా, ఒళ్లోని బిడ్డకు గుడ్డ మార్చవలసి వచ్చింది. బిడ్డకు నీళ్ల విరేచనం. "ఇదేమిటమ్మా?" అని అడిగితే, "పళ్లొస్తున్నాయి కదా, అందుకు. జబ్బేమీ లేదు" అని నిబ్బరంగా జవాబిచ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో విరేచనాలంటే జబ్బు, పళ్లొచ్చేటప్పుడు అయ్యేవి వేరు. ఆ సాయంత్రం సర్వే చేసేవారందరినీ కూర్చోబెట్టి మాట్లాడితే, ఇలాంటి సమాధానాలు దాదాపు అందరికీ ఎదురయ్యాయని తెలిసింది. ఎవరూ వాటిని రాసిపెట్టలేదు, ఎందుకంటే ఆ కాగితంలో అందుకు గడి లేదు.

మరునాటి నుంచి ప్రశ్నకు ముందు "పళ్లొచ్చేటప్పుడు అయ్యే పలుచటి విరేచనాలతో సహా" అన్న మాట చేర్చి, అప్పటివరకు వెళ్లిన ఇళ్లకు మళ్లీ వెళ్లాం. పిల్లల పళ్ల సంగతి అడగాలని మాకు ఏ పద్ధతుల పుస్తకమూ చెప్పలేదు. అది తల్లులకు తెలుసు, సర్వే చేసే అమ్మాయిలకు తెలుసు. వారిద్దరూ మన పత్రాల్లో "సమాచారదాతలు"గా, "సిబ్బంది"గా మాత్రమే మిగిలిపోతారు.

సంఖ్యాతత్వం:
మీరు చెప్పిన ఉదాహరణకు నా దగ్గర గణాంక పరిష్కారం లేదు. ఇటువంటి తప్పుడు వర్గీకరణ, అంటే ఉన్న విరేచనాలు లేవని నమోదు కావడం, అన్ని ఇళ్లలోనూ ఒకే తీరుగా ఉంటే రెండు విభాగాల మధ్య తేడా ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపించే ప్రమాదం ఎక్కువ. ఆరోగ్య బోధన అందిన విభాగంలో తల్లులు "విరేచనాలు" అన్న మాటను వేరుగా అర్థం చేసుకోవడం మొదలుపెడితే, మేలు చేసిన కార్యక్రమమే కీడు చేసినట్టు కనిపించవచ్చు. నమూనా ఎంత పెద్దదైనా ఈ దోషం పోదు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. సముదాయాలతో చేసే అధ్యయనాల్లో ఒకే చోట నివసించేవారి సమాధానాలు ఒకరివి మరొకరితో పోలి ఉంటాయి. ఒక్కో చోట 20 మందిని తీసుకుని, వారి మధ్య సారూప్యత 0.05 (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకటే సమాధానం) ఉందనుకుంటే, వ్యక్తులను విడివిడిగా ఎంచినప్పటికన్నా 1.95 రెట్లు, అంటే దాదాపు రెట్టింపు మంది కావాలి. ఎవరు ఎవరితో కలిసి నీళ్లు తెచ్చుకుంటారో, పిల్లలు ఎక్కడ కలిసి ఆడుకుంటారో తెలియకుండా క్లస్టర్ సరిహద్దులు గీస్తే ఈ లెక్క కాగితం మీద సరిపోతుంది కానీ క్షేత్రంలో తప్పుతుంది. ఆ సరిహద్దులు గీయడానికైనా అక్కడివారు కావాలి.

జనమాట:
నేను విశ్వవిద్యాలయానికి చెందినవాడిని కాను. పరిశోధకులు తరచూ వచ్చిపోయే ఒక సముదాయంలో సమన్వయకర్తగా పనిచేస్తున్నాను. ఇక్కడ చర్చ అంతా పరిశోధకుల వైపునుంచే సాగుతోంది కాబట్టి అవతలి వైపు సంగతి చెబుతాను.

మా దగ్గరికి వచ్చే బృందాలు మర్యాదగానే వస్తాయి. సమ్మతి పత్రం చదివి వినిపిస్తారు, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు, రక్తం తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏం తేలిందో మాకు చెప్పినవారు చాలా తక్కువ. ఒక బృందం మాత్రం ఫలితాలతో తిరిగి వచ్చి సమావేశం పెట్టింది. ఒక పెద్దావిడ లేచి, "నీళ్ల గురించి మీరు చెప్పిందంతా విన్నాను నాయనా. మేము మీకు మొదటిరోజే ఆసుపత్రికి వెళ్లే దారి గురించి చెప్పాం. అది మీ కాగితంలో ఎక్కడుంది?" అని అడిగింది. ఆ బృందం నాయకురాలు దాటవేయలేదు. అది తమ అధ్యయన పరిధిలో లేదని ఒప్పుకుని, తరువాతి ప్రతిపాదనలో ప్రశ్నను మాతో కూర్చునే రాశారు. ఆ తర్వాత మా వాళ్లు ఆ బృందానికి ఇచ్చిన సమాధానాల తీరే మారిపోయింది.

షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లోనే ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించారు. అభిప్రాయం అడిగి తమకు నచ్చింది చేయడం అందులో మధ్య మెట్టే, అధికారం పంచుకోవడం పై మెట్టు. "భాగస్వామ్యం" అని రాసుకున్న ప్రతిపాదనల్లో చాలావాటిని ఆ మధ్య మెట్టు దాటనివిగానే నేను చూశాను.

నమ్మకం పోతే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో హవసుపాయి తెగవారు మధుమేహ పరిశోధన కోసమనుకుని రక్తమిచ్చారు. దాన్ని తమకు తెలియకుండా ఇతర అధ్యయనాలకు వాడారని వారు న్యాయపోరాటం చేశారు. 2010లో రాజీ కుదిరి, మిగిలిన రక్త నమూనాలు వారికి తిరిగి అందాయి. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం తామే ఒక నియమావళిని ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ వంటి విలువలు అందులో ఉన్నాయి. కెనడాలోని ఫస్ట్ నేషన్స్ ప్రజలైతే తమ డేటాపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం తమవేనని 1998 నుంచీ సూత్రబద్ధంగా చెబుతున్నారు. ఈ పనులన్నీ సముదాయాలు చేసుకున్నవే.

అక్షరదీపం:
అధ్యాపక నియామక సంఘాల్లో కూర్చున్న అనుభవంతో రాస్తున్నాను. జనమాట గారు చెప్పింది చదివాక ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా శోధనపథం గారికి నిజం తెలియాలి.

దరఖాస్తులు చూసేటప్పుడు పత్రాల జాబితా మీదే ముందు కళ్లు పడతాయి. ఏ జర్నల్, ఎన్నో రచయిత, ఎంత గ్రాంటు అన్న వరుసలోనే మొదటి వడపోత జరుగుతుంది. ఒక సముదాయంలో రెండేళ్లు తిరిగి నమ్మకం సంపాదించిన అభ్యర్థి వివరపత్రంలో ఆ రెండేళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఇది అన్యాయమని నేను సంఘంలో చెబుతూనే ఉన్నాను.

మార్పు రావడం లేదని కాదు. పరిశోధకులను జర్నల్ ప్రభావ సూచికతో (ఆ జర్నల్‌లోని పత్రాలను ఇతరులు సగటున ఎంతగా ఉటంకించారో చెప్పే అంకెతో) తూచవద్దన్న శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 చివర్లో రూపుదిద్దుకుంది, ఆ తర్వాత ఎన్నో సంస్థలు దానిపై సంతకం చేశాయి. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసే విధానంలో సమాజంపై పడిన ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. సంతకాలు చేసిన సంస్థల్లోనూ నియామక గదిలో పాత అలవాట్లు పోవడానికి సమయం పడుతోంది.

అందువల్ల నా సలహా ఇది. క్షేత్రంలో చేసే పనిని మీరే పరిశోధన భాషలో నమోదు చేయండి. సముదాయంతో ప్రశ్న ఎలా రూపుదిద్దుకుందో వివరిస్తూ అధ్యయన ప్రణాళికను పత్రంగా ప్రచురించవచ్చు. తొలిపొద్దు గారు చెప్పిన విరేచనాల ప్రశ్న ఒక్కటే మంచి పద్ధతుల పత్రం అవుతుంది. అది రాయకపోతే మరో బృందం అదే పొరపాటుతో మరో సర్వే చేస్తుంది. సమావేశాలకూ, ఫలితాలు తిరిగి చెప్పడానికీ అయ్యే ఖర్చును గ్రాంటు బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపించండి. బడ్జెట్‌లో లేని పని ఎవరి దృష్టిలోనూ పని కాదు.

రచయితలుగా ఎవరి పేరు పెట్టాలన్న దానిపై కూడా ముందే మాట్లాడుకోండి. వైద్య జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం పరిశోధన రూపకల్పనలోనో, డేటా సేకరణ, విశ్లేషణల్లోనో గణనీయంగా పాలుపంచుకోవడం మొదటి షరతు. రాయడంలో లేదా సవరించడంలో పాల్గొనడం, తుది ప్రతిని ఆమోదించడం, బాధ్యత వహించడం మిగిలిన మూడూ. మొదటి షరతు నెరవేర్చినవారికి మిగిలినవాటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని ఆ నియమాలే చెబుతున్నాయి. చిత్తుప్రతిని సముదాయ భాగస్వాములకు వారి భాషలో చదివి వినిపించి సవరణలు అడిగితే, వారి పేర్లు కృతజ్ఞతల్లోంచి రచయితల వరుసలోకి న్యాయంగానే వస్తాయి.

శోధనపథం:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. నేను చేయాలనుకుంటున్నది ఒక్క జబ్బు గురించి కాదు, సముదాయ శ్రేయస్సు గురించి. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం ఆరోగ్యాన్ని శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సుగా నిర్వచించింది. దాన్ని కొలవడం ఎలా?

తొలిపొద్దు:
వ్యక్తి శ్రేయస్సుకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల సూచిక ఉంది. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా వంటి ఐదు ప్రశ్నలకు 0 నుంచి 5 వరకు మార్కులు వేసి, మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే 100కు ఎంతో వస్తుంది. చిన్నది, చాలా భాషల్లో దొరుకుతుంది. అయితే అది ఒక్కొక్కరి మనఃస్థితి. ఒక చోట ఉండే పొరుగువారు ఆపదలో ఒకరికొకరు నిలబడతారా, వారి మాట నడుస్తుందా అన్నవి అందరి మార్కుల సగటు తీస్తే రావు. అక్కడివారినే "ఇక్కడ బాగా బతుకుతున్నామని మీకు ఎప్పుడనిపిస్తుంది?" అని అడిగి, వారు చెప్పినవాటి నుంచి కొన్ని సూచికలను తయారుచేసుకుని, ఈ ఐదు ప్రశ్నలను పోలిక కోసం పక్కన పెట్టుకోండి.

సంఖ్యాతత్వం:
బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యంపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనాలను తప్పక చదవండి. 1967లో మొదలైన తొలి అధ్యయనంలో పాల్గొన్నవారంతా ఉద్యోగాలున్న ప్రభుత్వ సిబ్బందే. అయినా అట్టడుగు శ్రేణిలోని వారిలో మరణాల రేటు పై శ్రేణివారికన్నా సుమారు మూడు రెట్లు ఉంది. పొగతాగడం, రక్తపోటు వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు. పై నుంచి కిందికి మెట్టుమెట్టుకూ ఆరోగ్యం తగ్గుతూ రావడం కనిపించింది. సామాజిక స్థానం ఒంట్లోకి ఎలా దిగుతుందన్న ప్రశ్నకు పెద్ద డేటా దారి చూపింది, జవాబులోని వివరం మీ రెండో బృందం లాంటివారే చెప్పగలరు.

నిశిత:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి. ఈ రంగంలో పీహెచ్‌డీ తర్వాత చాలా ఉద్యోగాలు గ్రాంటు ఉన్నంతకాలమే ఉంటాయి. రెండు మూడేళ్ల ఒప్పందాల మీద పనిచేసే యువ పరిశోధకులు ఒక సముదాయానికి "మళ్లీ వస్తాం" అని మాట ఇవ్వడం, ఆ తర్వాత జీతమే లేక వేరే ఊరికి వెళ్లిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మాట తప్పారన్న నింద వారి మీద పడుతుంది, లోపం మాత్రం ఏర్పాటుది. అందుకే సముదాయంతో సంబంధం పీహెచ్‌డీ విద్యార్థి భుజాల మీద కాక, సంస్థ పేరుతో, స్థిరమైన ఉద్యోగంలో ఉన్నవారి బాధ్యతగా ఉండే బృందాన్నే ఎంచుకోండి.

శోధనపథం:
రెండో బృందానికే దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. అయితే సంఖ్యాతత్వం గారి మాట మనసులో పెట్టుకుని, మొదటి బృందంలోని ఒక గణాంక నిపుణురాలిని సహ పర్యవేక్షకురాలిగా ఉండమని అడుగుతున్నాను. ముఖాముఖిలో రెండో బృందంవారిని మూడు విషయాలు అడుగుతాను: సముదాయంతో ఒప్పందం ఎవరి పేరున ఉంది, ఫలితాలు తిరిగి చెప్పడానికి బడ్జెట్‌లో పద్దు ఉందా, రచయితల సంగతి ఎప్పుడు నిర్ణయిస్తారు.

జనమాట:
నాలుగోది కూడా అడగండి. మీ పీహెచ్‌డీ ముగిశాక ఆ డేటా ఎవరి దగ్గర ఉంటుంది, సముదాయంవారికి అది కావలసివస్తే ఎవరిని అడగాలి? దీనికి వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు, ఆ జవాబును సముదాయం ప్రతినిధుల సమక్షంలో రాతపూర్వకంగా ఇస్తామంటే ఆ బృందంతో చేరవచ్చు.